తొలి నీళ్లు ఎటు పోవాలి

మా ఊరి బోరు నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. టీ బంకు మీద బతికేవాడికి ఇంతకంటే పెద్ద శాపం ఉండదు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొత్తు కుదరక బడి మానేసి, రోడ్డు వార బంకు పెట్టుకున్నవాణ్ణి నేను. చీమకుర్తి నుంచి రాళ్ల లారీలు ఆ రోడ్డు మీదే పోయేవి. డ్రైవర్లు దిగి, గ్లాసు అందుకుని, లోపలికి చూసి, "ఇది టీయా, పెరుగా?" అనేవాళ్లు.

"రెండూనండి. ఒక రేటుకే" అనేవాణ్ణి.

నవ్వేవాళ్లు గానీ మర్నాడు లారీ ఆపేవాళ్లు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. పైన డ్యాములో నీళ్లు లేవన్నారు, కాలువకు వదల్లేదు. మాది సాగర్ కాలువకు చిట్టచివరి ఊరు. కాలువ తల ఎక్కడో పెద్దమనుషుల దగ్గర ఉంటుంది, తోక వచ్చి మా మంచినీళ్ల చెరువు పక్కన ఆగిపోతుంది. తోక సంగతి తెలిసిందేగా. ఆవుకైనా కాలువకైనా అది ఈగలు తోలుకోవడానికే.

నీళ్లు లేని కాలువ మాకు ఎన్ని రకాలుగా పనికొచ్చిందో చెబితే నమ్మరు. పిల్లలు అందులో క్రికెట్ ఆడేవాళ్లు. బంతి ఎటు కొట్టినా గట్టుకు తగిలి వెనక్కి వచ్చేది కాబట్టి ఫీల్డర్లతో పనిలేదు. అడుగున సిమెంటు వేసిన చోట, బోర్ల కింద పండిన కాసిని మిరపకాయలు ఎండబోసేవాళ్లు. దూరం నుంచి చూస్తే కాలువ నిండా ఎర్రగా మిరపకాయలే పారుతున్నట్టు ఉండేది.

ఇంకో పని కూడా చేసేవాళ్లు. వంతెనల కింద లోతున్న చోట, ఎప్పుడన్నా పడ్డ జల్లుకు నీళ్లు మడుగు కట్టేవి. పత్తికీ మిర్చికీ మందు కొట్టేవాళ్లు అక్కడే డ్రమ్ములో మందు కలుపుకుని, డబ్బా అక్కడే కడిగి, అక్కడే విసిరేసేవాళ్లు. ఆ రోజుల్లో పత్తి పురుగు ఎంత మొండిదైపోయిందంటే, మందు కొడితే కాసేపు ఒళ్లు విరుచుకుని మళ్లీ కాయలోకి దూరేది. అందుకని ఒకసారి కొట్టేది రెండుసార్లు కొట్టేవాళ్లు, ఒక మందు కొట్టే చోట మూడు కలిపి కొట్టేవాళ్లు. డబ్బాలు గుట్టలు పడ్డాయి. ఎవరన్నా "ఇట్టా పారేస్తే ఎట్టారా" అంటే ఊరంతటిదీ ఒకటే జవాబు.

"కాలవ వస్తే కొట్టుకుపోతాయిలే."

కొట్టుకుపోయి ఎక్కడికి పోతాయని ఒక్కరూ అడగలేదు. చిలకలూరిపేట అవతల నుంచి మా దాకా కాలువ పొడుగునా ప్రతి ఊరూ అదే అనుకుంది. అందరికంటే కిందనున్న మేమూ అదే అనుకున్నాం. మా తర్వాత కాలువే లేదన్న సంగతి మాకు తెలియక కాదు. తెలిసిన సంగతిని పట్టించుకోకపోవడంలో మా ఊరిది మొదటి నుంచీ అందెవేసిన చెయ్యి.

ఆ వేసవికి మా ఆవిడకు ఆరో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు. కాళ్లు పూరీల్లా పొంగితే ఒంగోలు తీసుకెళ్లాను. డాక్టరమ్మ గారు వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. ఏం నీళ్లు తాగుతున్నారని అడిగింది. బోరు నీళ్లన్నాం.

"ఆ ఉప్పు నీళ్లు మానెయ్యమ్మా. మంచినీళ్లు తాగు. ఈసారి జాగ్రత్తగా ఉండాలి నువ్వు" అంది.

బయటికొచ్చాక మా ఆవిడ, "మంచినీళ్లు తాగమని చెప్పించుకోడానికి బస్సెక్కి ఇంత దూరం రావాలా" అంది. నవ్వుతూనే అంది గానీ, బస్సులో దారంతా కిటికీలోంచి కాలువ వైపే చూస్తూ కూర్చుంది.

మంచినీళ్లంటే మాకు ట్యాంకరే. అది వచ్చిన రోజు బిందెలతో యుద్ధం. ఆరో నెల మనిషిని యుద్ధానికి పంపలేను. నేను వెళితే ఆడవాళ్లు, "ఏరా, టీ కాచుకోడానికొచ్చావా" అని మోచేతులతో వెనక్కి నెట్టేవాళ్లు. ఒక బిందె దొరికితే అది ఆమెది. నేను బోరు నీళ్లే తాగాను. నా పళ్లు చూసినవాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ వేరే చెప్పక్కర్లేదు.

ఎండలు ముదిరాక ఒక కబురొచ్చింది. తాగునీటి చెరువులు నింపడానికి మాత్రం కాలువకు నీళ్లు వదులుతారట. కొద్దిరోజులేనట. చేలకు తోడుకోకూడదట. కబురు తెచ్చింది నీటి సంఘం ప్రెసిడెంటు. నాకు పెదనాన్న వరస. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, ఇంట్లో మా పెద్దమ్మను మంచినీళ్లడిగితే పక్కవీధి వాళ్లు గ్లాసు పట్టుకొచ్చేవాళ్లు. అంత గొంతు ఉన్నవాడికి మైకు అక్కర్లేదు గానీ, పద్ధతి ప్రకారం గుళ్లో మైకులో ఒకసారి, ఊరికి ఎడంగా ఉన్న దళితుల పల్లెలో చర్చి మైకులో ఒకసారి చెప్పించారు. ఆ వేసవి దేవుళ్లిద్దరికీ ఒకటే డ్యూటీ.

ఊరంతా చెరువు గట్టు మీద చేరింది. చెరువులో అప్పటికి నీళ్లు లేవు. నెర్రెలు విచ్చిన అడుగు మీద కుక్కలు పడుకుని ఉన్నాయి.

"వదిలిన నీళ్లు వదిలినట్టు మన దాకా వస్తాయని కలగనమాకండి" అన్నాడు పెదనాన్న. "పైనోళ్లు ఆయిలింజన్లు పెట్టి తోడేస్తారు. కిందటిసారి మనకు బురదే మిగిలింది. ఈసారి ఇంటికో మనిషి కాలవ మీద ఉండాలి. వంతులేసుకుందాం."

పల్లె నుంచి చర్చి పెద్దాయన లేచాడు. ఆయన ఎప్పుడూ మెల్లగానే మాట్లాడేవాడు. "ఇల్లంటే మా ఇళ్లు కూడానా అయ్యా?"

"నీళ్లు తాగే ప్రతి ఇల్లూ."

"మరి అన్నం?"

పెదనాన్న కాస్త ఆలోచించాడు. "అన్నం కూడా కలిపే."

మా ఊళ్లో ఏ ఫంక్షనుకైనా ఊరికొకటి, పల్లెకొకటి, రెండు పందిళ్లు వేయడం ఆనవాయితీ. ఒక పందిరితో సరిపెట్టింది దాహమే. వండేదెవరని ఎవరో అడిగారు. అందరూ నా వైపు తిరిగారు. బంకులో పాలు ఎలాగూ విరుగుతున్నాయి, అక్కడన్నా అన్నం ఉడుకుతుందేమో చూద్దామన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. "కాపలాకు నువ్వా? బంకులో బిస్కెట్లు ఎలకలు తింటుంటే ఆపలేనోడివి."

"అందుకే వంటకు పెట్టార్లే."

సంచిలో నా లుంగీ, తువ్వాలు పెట్టి ఇచ్చింది. గుమ్మం దాటుతుంటే, "నీళ్లు తీసుకురా అయ్యా" అంది. ఆ మాట మాత్రం నవ్వకుండా అంది.

ట్రాక్టరు మీద బియ్యం, దోసకాయలు, కందిపప్పు, వంటచెరుకు, రెండు డ్రమ్ముల బోరు నీళ్లు ఎక్కించుకుని కాలువ గట్టున పైకి పోయాం. ఒక్కో వంతెన దగ్గర నలుగురైదుగురిని దింపుకుంటూ వెళ్లాం. మా జట్టు చివరగా దిగిన చోట అవతలి గట్టు మీద ఆ ఊరివాళ్లు అప్పటికే బారులు తీరి కూర్చున్నారు. వాళ్ల పక్కన ఆయిలింజన్లు, గొట్టాలు, చేతుల్లో పారలు. మా వాళ్ల చేతుల్లో కర్రలు. మధ్యలో ఎండిపోయిన కాలువ.

"ఏందయ్యా, పెళ్లివారిలాగా ఎదురొచ్చారు?" అని అరిచాడు వాళ్లలో ఒకడు.

"పెళ్లికూతురు మా ఊరికి రావాలి. దారిలో ఎవరూ లేవదీసుకుపోకుండా చూద్దామని" అన్నాను.

ఆ గట్టు మీద నవ్వారు, ఈ గట్టు మీద నవ్వారు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. "మా గొడ్లు కూడా చచ్చిపోతున్నాయి అబ్బాయ్" అన్నాడు. నేను వంట మొదలుపెట్టాను. పొద్దువాలే వేళకు ఆ ముసలాయనా, ఇంకొకడూ కాలువ దాటి వచ్చి మా దగ్గరే అన్నం తిన్నారు. ముందు వాళ్ల చెరువు నిండాలి, తర్వాత మేం తీసుకుపోవాలి, ఇంజన్లు మాత్రం ఎక్కడా ఆడకూడదు. అదీ ఒప్పందం. ముసలాయన నా కంచంలోని దోసకాయ పప్పు మీద చెయ్యి పెట్టి మరీ ప్రమాణం చేశాడు. ఆ పప్పు మీద ప్రమాణం చేసినవాడు తప్పడని నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే అది అంత ఘోరంగా ఉంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నీళ్లు వచ్చాయి. నీళ్ల కంటే ముందు వాసన వచ్చింది.

ఎండిన నేల మీద నీళ్లు పారితే వచ్చే మట్టి వాసన కాదు. పత్తి చేలో మందు కొట్టిన సాయంత్రం ఊరంతా కమ్ముకునే వాసన. ఆ గట్టు మీద కూర్చున్న ప్రతివాడికీ అది తన చొక్కా వాసనంత తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

తర్వాత చప్పుడు వచ్చింది. గలగలలాడుతూ రావడం కాదు. ఎవరో వంద బిందెలు రాళ్ల మీద ఈడ్చుకొస్తున్నట్టు. వంపు తిరిగాక కనపడింది. ముందు నురుగు, మోకాలెత్తున, పాచిపోయిన రంగులో. దానిలోంచి డబ్బాలు తేలుతూ, మునుగుతూ, సిమెంటు గట్లకు కొట్టుకుంటూ వస్తున్నాయి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు, పుర్రె బొమ్మ ఉన్నవి, బొమ్మ చెరిగిపోయినవి. రెండేళ్లు కాలువ పొడుగునా అందరం కూడబెట్టుకున్న ఆస్తి అంతా ఒక్కసారిగా తరలివస్తోంది. నీటికి ముందు ఎలుకలూ తేళ్లూ పరిగెత్తుతున్నాయి. ఒక పాము సిమెంటు గట్టు ఎక్కబోయి జారింది, మళ్లీ ఎక్కబోయి జారింది. మా వైపు పాము కనపడితే కర్ర లేని వాడు కూడా చెప్పు తీస్తాడు. ఆ రోజు అందరి చేతుల్లో కర్రలున్నాయి. ఒక్కరూ కదల్లేదు. మూడోసారి జారినప్పుడు అది నురుగులో కలిసిపోయింది.

ముసలాయన తన ఊరి తూము వైపు చూశాడు. పక్కనున్నవాడికి ఏదో చెప్పాడు. వాడు వెళ్లి తూము మూసేసి వచ్చాడు.

"ఒప్పందం ప్రకారం ముందు మీరేగా" అన్నాను.

"ముందు మీరు తీసుకుపోండి అబ్బాయ్" అన్నాడాయన. "దూరం పోవాల్సినోళ్లు."

ఆ మాట విన్నాక మేం ట్రాక్టరెక్కాం. నీళ్ల కంటే ముందు ఇల్లు చేరాలని గట్టు వెంట తోలాం. దారిలో ప్రతి ఊరి దగ్గరా అదే చూశాం. కిందటిసారి గొడ్డళ్లు పట్టుకుని నీళ్ల కోసం కొట్టుకున్న మనుషులు, వాసన తగలగానే తమ తూములు తామే మూసుకుని, గట్ల మీద నిలబడి మాకు దారిస్తున్నారు. ఒక చోట ఒకాయన చెయ్యెత్తి పోండి పోండి అని కూడా ఊపాడు. కాపలాకు వెళ్లిన మాకు కాపలా పనే లేకుండా పోయింది. నా జన్మలో అంత మర్యాద ఎవరూ చెయ్యలేదు.

మా చెరువు తూము దగ్గర ఆడవాళ్లు పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు పట్టుకుని నిలబడ్డారు. కాలువకు తొలి నీళ్లు వచ్చినప్పుడు అలా ఎదుర్కోవడం మా వాడుక. పల్లె వాళ్లు పక్కన నిలబడి పాట పాడుతున్నారు. మా ఆవిడ ఒక చేత్తో నడుము పట్టుకుని, చంకలో బిందెతో అందరికంటే ముందు ఉంది. నేను దిగి చూసింది చెప్పాను. నేను చెప్పాను కాబట్టి మొదట అందరూ నవ్వారు. పాతికేళ్లు జోకులేసిన నోటితో నిజం చెబితే అంతే. నవ్వులు ఆగడానికి నా వెనకే ఆ వాసన రావాల్సి వచ్చింది.

పాట ఆగిపోయింది. పసుపు గిన్నె పట్టుకున్నావిడ దాన్ని కొంగు కింద దాచుకుంది.

"తూము ఎత్తండి" అన్నాడు పెదనాన్న. "ఎన్నాళ్లు వదులుతారో తెలవదు. ఇయ్యాళ వద్దంటే రేపు ఉంటాయో ఉండవో. లోపలికి రానిచ్చి పటిక వేద్దాం."

"పటిక వేస్తే బురద దిగుద్ది" అన్నాడు చర్చి పెద్దాయన. "మందు దిగుద్దా?"

ఆ డబ్బాల్లోది మూతెడు లోపలికి పోతే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పత్తి మొత్తం దెబ్బతిన్న ఏడు మా వీధిలోనే ఇద్దరు తాగారు. పెదనాన్న వాళ్ల పెద్దల్లుడు అందులో ఒకడు. పెదనాన్న కాలువ వైపు చూడకుండా, తూము చక్రం మీద చెయ్యి వేసి దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"మావయ్యా" అంది మా ఆవిడ. "బోరు నీళ్లు తాగితే కాళ్లు వాచినయ్. ఇయ్యి తాగితే ఏం వాచిద్దో మీరు చెప్పండి, బిందె ముంచుతా."

పెదనాన్న చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఇక మిగిలిన దారి వాగు. కాలువ తోక దగ్గర ఒక షట్టరు ఉంది. నీళ్లు ఎక్కువైతే అది ఎత్తి వాగులోకి వదిలేస్తారు. వాగు కిందికి పోయి పోయి కొత్తపట్నం వైపు సముద్రంలో కలుస్తుంది. అయితే ఆ మధ్యలో మా అత్తగారి ఊరు ఉంది. వాళ్లకు చెరువు కూడా లేదు. వాగు ఇసకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు గిన్నెలతో తోడుకుని తాగుతారు. చెప్పకుండా షట్టరు ఎత్తితే పాపమని, కబురు చెప్పి రమ్మని నన్ను మోపెడ్ ఎక్కించారు. అల్లుణ్ణి కాబట్టి తన్నరని వాళ్ల ధీమా.

మోపెడ్ స్టార్టు చేయాల్సిన పనే పడలేదు. షట్టరు దగ్గరికి వెళ్లేసరికి కింద వాగులో మా బావమరిది నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఊరు ఊరంతా ఉంది, చంటిపిల్లలతో సహా. కాలువ గట్టున కబురు నీళ్ల కంటే జోరుగా పారుతుంది.

"ఏం బావా, చెల్లిని చూడ్డానికొచ్చా అనుకున్నావా?" అన్నాడు.

"ఇంతమందితోనా? ఇంట్లో అంత పిండి లేదు బావా."

వాడు నవ్వలేదు. మామూలుగా నా పాత జోకులకు కూడా నవ్వేవాడు. "ఆ షట్టరు ఎత్తితే మా చెలమల్లోకి పోద్ది. పిల్లనిచ్చాం మీ ఊరికి. ఊరిని ఇవ్వలా."

"మరి మమ్మల్నేం చెయ్యమంటావు, తాగమంటావా? తాగాల్సింది మీ చెల్లెలే."

కొంచెం సేపు ఇసకను కాలితో రాసుకుంటూ నిలబడ్డాడు. "పైనోళ్లు ఏం చేశారు?"

"తూములు మూసుకున్నారు."

"మాకు తూము లేదు బావా" అన్నాడు. "మేమే అడ్డం."

అని షట్టరు కింద ఇసకలో కూర్చున్నాడు. వాడి వెనకున్న వాళ్లందరూ కూర్చున్నారు. మా అత్తగారు కూడా. ఆవిడ నా మొహం చూడలేదు.

నీళ్లు వచ్చాయి. తోక దగ్గరికి వచ్చి ఆగాయి. పోవడానికి దారి లేదు, వెనక నుంచి తోపు ఆగదు. నురుగు గట్టు మీదికి వేళ్లు చాపుతోంది. కాలువ షట్టర్లు చూసుకునే లస్కరు అంచున పుల్ల గుచ్చి చూసి, ఇలాగే ఉంటే పొద్దుగూకేలోపు గట్టు తెగుతుందన్నాడు. తెగితే పడేది పల్లె మీదే, అది అందరికంటే పల్లంలో ఉంది. పల్లె ఆడవాళ్లు పాకల్లోంచి సామాను బయట పెట్టడం మొదలుపెట్టారు.

దేనిలోకన్నా మళ్లించాలి. కాలువ పక్కనే నాలుగెకరాల నల్లరేగడి చేను ఉంది, చుట్టూ ఎత్తు గట్టు, మధ్యలో పళ్లెంలాంటి పల్లం. అది ఎవరిదో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ అటు చూడలేదు. అందరూ నేల చూపులు చూస్తుంటే పెదనాన్న లుంగీ ఎగ్గట్టి, పక్కవాడి చేతిలో పార లాక్కుని, తన చేను వైపు కాలువ గట్టు మీద మొదటి దెబ్బ తానే వేశాడు.

"ఈ ఏడు మిరప వేద్దామనుకున్నా" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా కూడా రాగలదని అప్పుడే తెలిసింది.

ఆయన వెనక మా ఊరు పారలు అందుకుంది, పల్లె అందుకుంది. వాగులోంచి మా బావమరిది వాళ్లు కూడా లేచి వచ్చారు, ఆ చేను గట్టు కారితే మళ్లీ వాగులోకే కదా పోయేది. యూరియా సంచుల్లో ఇసక నింపి గట్టు చుట్టూ పేర్చారు. నీళ్లు చేలోకి దిగాయి. రెండేళ్లు తడి ఎరగని నేల గుటకలు వేస్తూ తాగింది. బుడగలు లేచిన చోటల్లా నురుగు చీలి, మళ్లీ కలిసిపోయేది. వెదురు గెడలతో డబ్బాలు లాగి గట్టు మీద కుప్ప పోశాం. వాటిని ఎక్కడ పారెయ్యాలని ఎవరో అడిగారు. అంత సేపట్లో జవాబు రాని ప్రశ్న అదొక్కటే.

మర్నాడు సాయంత్రానికి నురుగు పోయింది. నీళ్లు బురద రంగుకు, తర్వాత మామూలు కాలువ రంగుకు తిరిగాయి. వాసన పోయిందన్నారు కొందరు. ముక్కులు అలవాటు పడ్డాయన్నారు కొందరు. నా ముక్కు రెండు పక్షాలకూ ఓటేసింది. చేను గండి పూడ్చి, చెరువు తూము ఎత్తాం. కాలువ ఆగిపోయేలోపు చెరువు సగానికి నిండింది. బిందెలన్నీ గట్టు మీద వరసగా నిలబడ్డాయి. తెల్లవారగానే మొదలుపెడదామనుకున్నాం.

తెల్లవారగానే కొంగలు కనపడ్డాయి. ముందు రోజు వాలినట్టున్నాయి. రెండేళ్లుగా ఊరి పక్కన కొంగ అన్నది చూడలేదు, ఎక్కణ్ణుంచి పసిగట్టాయో మరి. పెదనాన్న చేలో నీళ్లు సగం ఇంకిపోయి, నల్లమట్టి పైకి తేలింది. దాని మీద తెల్లగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా. దూరం నుంచి పత్తి పగిలినట్టుంది. ఆ చేలో ఎవరూ పత్తి వెయ్యలేదు. దగ్గరికి పోయి చూస్తే ఒకటీ రెండూ ఇంకా రెక్క ఆడిస్తున్నాయి.

చేను చూసిన కళ్లతోనే అందరం చెరువు వైపు తిరిగాం. అదే కాలువ. ఒక రోజు తేడా.

ఒక్క బిందె ముణగలేదు. మండలం నుంచి ఒకాయన వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు, పరీక్ష చేసి చెబుతామన్నాడు. ఆ సీసా ఇంతవరకూ తిరిగి రాలేదు. అది వచ్చేలోపు ఏం చెయ్యాలో చర్చి పెద్దాయనే చెప్పాడు. "పిట్ట తాగేదాకా చూద్దాం" అన్నాడు.

ఊరంతా గట్టు మీద కూర్చుంది. కుక్కల్ని కట్టేశారు. పిల్లల నోళ్లు మూయించారు. జొన్న చేలల్లో మంచెలెక్కి, డబ్బాలు వాయించి, వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలిన జనం, ఒక్క పిట్ట రావాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కళ్ల ముందు అన్ని నీళ్లున్నాయి. ట్యాంకరు కూడా రాని రోజు, గట్టు మీద పెదాలు పగిలిన జనం. ఆ రోజు ఏ పిట్టా రాలేదు. పైన ఒకటి తిరిగింది గానీ కిందికి దిగలేదు.

రెండో రోజు ఎండ చల్లబడ్డాక గోరింకల జంట ఒకటి వచ్చింది. మెట్ల మీద వాలి అటూ ఇటూ నడిచింది. ఒకటి ముక్కు ముంచి మెడ పైకెత్తింది. మళ్లీ ముంచింది. రెండోది తాగలేదు. తర్వాత రెండూ కలిసి పల్లె మీదుగా ఎగిరిపోయాయి. వందల తలకాయలు వాటితోపాటు తిరిగాయి. కనపడినంత మేర చూశాం.

"బానే ఎగిరాయి" అన్నాడు పెదనాన్న.

"వచ్చేటప్పుడు కొంగలు కూడా బానే ఎగిరాయి" అన్నాను నేను.

నవ్వించాలని అనలేదు. అయినా ఎవరో అలవాటు కొద్దీ నవ్వబోయి ఆపుకున్నారు.

మా ఆవిడ లేచింది. నడుము పట్టుకుని, బిందె అందుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టింది. "ఆగవే, రేపటి దాకా చూద్దాం" అన్నాను.

"రేపు కూడా బోరు నీళ్లే కదయ్యా నాకు" అంది, వెనక్కి తిరక్కుండా.

ఒక దోసెడు తీసుకుని చాలాసేపు చూసింది. తాగింది. బిందె ముంచింది. పక్కనున్నావిడ దిగింది, తర్వాత ఇంకొకావిడ. మామూలుగా బిందెలు తగిలితేనే తిట్టుకునే ఆడవాళ్లు, ఆ సాయంత్రం ఒకరికొకరు తప్పుకుంటూ ముంచుకుని వెళ్లారు.

శ్రావణంలో ఒంగోలు ఆసుపత్రిలో కానుపైంది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, ఎవరి పోలికో చూసుకోమంది. నేను మొహం చూడలేదు. గుడ్డ విప్పి వేళ్లు లెక్కపెడుతున్నాను. చేతులవి అయ్యాక కాళ్లవి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. పక్క మంచం దగ్గర ఇంకొకాయన తన బిడ్డ గుడ్డ విప్పుకుని అదే పని చేస్తున్నాడు. ఏ ఊరని అడిగాను.

ఊరి పేరు చెప్పాడు. కాలువ మీద ఊరే.